ఉంగరానికి తరుగెంత?

పోయిన నెల మా చెల్లి నిశ్చితార్థం. పెళ్ళికొడుక్కి ఉంగరం కొనే పని నా మీద పడింది. శనివారం సాయంత్రం కూకట్‌పల్లిలో ఒక షాపుకి వెళ్ళాను. తోడుగా మా రూమ్మేట్ వచ్చాడు. వాడు ఎం.ఎస్సీ. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాడు. రోజూ ఇంటికొచ్చేసరికి వాడి చొక్కా నుంచి నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన వస్తుంది. అందుకని ఫ్లాట్‌లో అందరం వాడిని 'సాల్వెంట్' అంటాం. అసలు పేరు వాళ్ళమ్మకీ, వాళ్ళ హెచ్‌ఆర్‌కీ తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఎనిమిది గ్రాముల ఉంగరం. బిల్లులో బంగారం రేటుకీ జీఎస్టీకీ మధ్య ఒక లైను: తరుగు 14 శాతం. నాకు మండింది. "అన్నా, ఇంత సాదా ఉంగరానికి 14 శాతం తరుగేంటి?" అని బేరం మొదలుపెట్టా. సేల్స్‌మన్ ఓపిగ్గా మెషీన్ కటింగ్ గురించి, పాలిష్ గురించి చెబుతున్నాడు. సాల్వెంట్ మాత్రం పక్కన కూర్చుని, వాళ్ళిచ్చిన కూల్ డ్రింక్ తాగుతూ నవ్వుతున్నాడు.

"పద్నాలుగు శాతానికే ఇంత గొడవా? మా దగ్గర కూడా రోజూ రింగులే చేస్తాం రా. మా తరుగు శాతాల్లో ఉండదు. రెట్లలో ఉంటుంది."

చివరికి 11 శాతానికి ఒప్పుకున్నారు. ఉంగరం జేబులో పడింది. కానీ వాడన్న 'రెట్లు' మాత్రం తలలోంచి పోలేదు. ఎందుకంటే ఆరు నెలలుగా నేను ఆఫీసులో చేస్తున్న పని కూడా ఆ రింగుల గురించే. తరుగు సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కొంచెం వివరంగా చెప్తాను. కెమిస్ట్రీ అనగానే స్క్రోల్ చేసెయ్యకండి. నేను ఇంటర్‌లో ఎంపీసీనే గానీ, ఆర్గానిక్ చాప్టర్లని చాయిస్‌లో వదిలేసిన బ్యాచ్. నాకు అర్థమైంది కాబట్టి మీకూ అవుతుంది.

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరవండి. పారాసిటమాల్, నాన్నగారి బీపీకి ఆమ్లోడిపిన్, కడుపు పాడైతే వేసుకునే మెట్రోనిడజోల్, ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్. వీటిలో ఏ అణువు బొమ్మ గీసినా మధ్యలో ఒకటో రెండో రింగులు కనిపిస్తాయి. ఐదు లేదా ఆరు పరమాణువులు చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా నిలబడినట్టు. మనం వాడే చిన్న అణువుల మందుల్లో చాలామటుకు ఇలాంటివే. కారణం కూడా సింపులే. తాడు ఎటు పడితే అటు వంగుతుంది. గాజు వంగదు, దాని ఆకారంలోనే ఉంటుంది. మందు ఒంట్లోకి వెళ్ళి సరైన ప్రొటీన్‌లో తాళంచెవిలా ఇమడాలంటే ఆకారం నిలబడాలి. దానికి గాజు కావాలి, తాడు పనికిరాదు.

మరి గాజు చేయడం ఎలా? తాడు రెండు కొసలూ కలిపి ముడేస్తే చాలు అనుకుంటాం. కష్టం అక్కడే. సాయంత్రం ఏడింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్ ఊహించుకోండి. ఆ తోపులాటలో మీ కుడి చేత్తో మీ ఎడమ చెయ్యే పట్టుకోవాలంటే ఎంత కష్టం! ఎవరిదో చెయ్యి తగులుతుంది. అణువులకీ అంతే. ఐదారు పరమాణువుల చిన్న రింగులు తేలిగ్గానే మూసుకుంటాయి. పెద్ద రింగులైతే ఒక గొలుసు తల దాని సొంత తోకని కాకుండా పక్కవాడి తోకని పట్టుకుంటుంది. అలా కాకూడదంటే జనాన్ని పలచబరచాలి. అంటే బోలెడంత సాల్వెంట్ పోసి అణువుల్ని దూరం దూరంగా ఉంచాలి. చెంచాడు సరుకు కోసం బిందెడు ద్రవం అన్నమాట.

ఇక వాడన్న 'రెట్లు'. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఒక చిన్న లెక్క ప్రపంచం ముందు పెట్టాడు. కిలో సరుకు తయారు చేస్తే ఎన్ని కిలోల చెత్త మిగిలింది? అంతే లెక్క. దాని పేరు ఈ-ఫ్యాక్టర్. పెట్రోలు శుద్ధి చేసే రిఫైనరీల్లో అది 0.1 కంటే తక్కువ. మందుల పరిశ్రమలో 25 నుంచి 100, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అంటే కిలో మందు చేతికొచ్చేసరికి పాతిక నుంచి వంద కిలోల చెత్త. అందులోనూ నీళ్ళని మామూలుగా లెక్కలో కలపరు.

మన బంగారం షాపువాడు ఎనిమిది గ్రాముల ఉంగరానికి ఎనిమిది వందల గ్రాముల తరుగు వేస్తే ఏమంటాం?

ఇప్పుడు నా సంగతి. నేను పనిచేసేది హైటెక్ సిటీలో. మా క్లయింట్ ఒక విదేశీ మందుల కంపెనీ. వాళ్ళ కెమిస్టులు కంప్యూటర్‌లో ఒక అణువు బొమ్మ గీస్తే, దాన్ని ఏ సరుకులతో, ఏ వరసలో తయారు చేయొచ్చో మా సాఫ్ట్‌వేర్ దారులు చూపిస్తుంది. కెమిస్ట్రీకి గూగుల్ మ్యాప్స్ అనుకోండి.

ఈ పద్ధతి మా బుర్రలో పుట్టింది కాదు. ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీ గుర్తుందా? కుందేలుని క్యారెట్ దగ్గరికి చేర్చే పజిల్. తెలివైన పిల్లలు క్యారెట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి గీసుకుంటూ వస్తారు. ఇ.జె. కోరీ అనే అమెరికన్ శాస్త్రవేత్త అణువుల తయారీని అదే రకంగా ఆలోచించాలని నేర్పాడు. కావలసిన అణువుని ముందు పెట్టుకుని, ఏ బంధం దగ్గర తుంచితే ఏ రెండు ముక్కలొస్తాయి, ఆ ముక్కల్ని మళ్ళీ ఎక్కడ తుంచాలి అనుకుంటూ బజార్లో దొరికే సరుకు వచ్చేదాకా వెనక్కి నడవాలి. 1969లోనే ఆయన విప్కే అనే సహచరుడితో కలిసి ఈ పని కంప్యూటర్‌తో చేయించడం గురించి పేపర్ రాశాడు. 1990లో నోబెల్ వచ్చింది. మేం రాసేది ఆ పాత ఆలోచన మీదే. కాకపోతే ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి.

ఒక అణువుకి వందల దారులు దొరుకుతాయి. ఏది ముందు చూపించాలి? దానికి ఒక స్కోరు ఉండాలి. ఆ స్కోరు ఫంక్షన్ రాసింది నేనే. మూడు విషయాలు తీసుకున్నా. ఎన్ని అడుగులు, ముడిసరుకు ధరెంత, దిగుబడి ఎంత. క్లయింట్ అడిగిందీ అదే. డెమో బాగా జరిగింది. చప్పట్లు కూడా కొట్టారు, జూమ్‌లో.

ఉంగరం కొన్న రాత్రి బాల్కనీలో కూర్చుని ఇదంతా సాల్వెంట్‌కి గొప్పగా చెప్పాను. వాడు మొత్తం విని ఒకటే అడిగాడు. "బాగుంది. మరి మిగిలింది ఎక్కడికి పోతుంది?"

"ఏది మిగిలింది?"

"అదే. నీ స్కోరులో మిగిలేదే లేదు."

వాడు చెప్పింది నాకు మొదట ఎక్కలేదు. దిగుబడి 90 శాతం అంటే తరుగు పది శాతమేగా? కాదట. దిగుబడి అంటే రావాల్సిన సరుకులో ఎంత వచ్చింది అనే లెక్క మాత్రమే. దాంతోపాటు పుట్టిన పనికిరాని సరుకుని అది పట్టించుకోదు. వాడొక ఉదాహరణ చెప్పాడు. విటిగ్ చర్య అని చాలా పేరున్న పద్ధతి ఉంది. దాన్ని కనిపెట్టినాయనకి 1979లో నోబెల్ కూడా వచ్చింది. దాంతో ఒక అణువుకి ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు అతికించాలనుకోండి. ఆ ముక్క బరువు 14. ఆ పనిలో బయటపడే చెత్త అణువు బరువు 278. దిగుబడి నూటికి నూరు వచ్చినా సరే, ఆ 278 అలాగే ఉంటుంది. రిపోర్టులో మాత్రం నూరు శాతం అని పచ్చరంగులో కనిపిస్తుంది.

ఈ మోసాన్ని పట్టుకోవడానికే 1991లో బ్యారీ ట్రోస్ట్ అనే ఆయన 'ఆటమ్ ఎకానమీ' అనే లెక్క తెచ్చాడు. లోపల వేసిన పరమాణువుల్లో ఎన్ని చివరి సరుకులోకి చేరాయి? మన కంసాలి లెక్కే. ఇచ్చిన బంగారమెంత, ఉంగరంలో ఉన్నదెంత.

ఈ లెక్కతో చూస్తే కొన్ని పాత రింగు పద్ధతులు ముచ్చటేస్తాయి. బీపీ మందుల్లో నిఫెడిపిన్ అని ఒకటుంది. నాన్న వేసుకునే ఆమ్లోడిపిన్‌కి దగ్గర చుట్టం, రెండింట్లోనూ ఒకే రకం రింగు. ఆ రింగు కట్టే పద్ధతి 1880ల నాటిది, హాంట్జ్ అనే జర్మన్ ఆయన కనిపెట్టాడు. మూడు రకాల సరుకులు ఒకే పాత్రలో వేస్తే నాలుగు ముక్కలు కలిసి రింగు కట్టేస్తాయి. నేను కాగితం మీద లెక్కేశాను. లోపలికి వెళ్ళిన బరువు 400. మందు 346. మిగతా 54 ఏంటో తెలుసా? మూడు నీటి అణువులు. నూట నలభై ఏళ్ళనాటి పద్ధతిలో తరుగు 14 శాతం కూడా లేదు, అదీ మంచినీళ్ళు!

ఇంకా గట్టివి ఉన్నాయి. 1928లో వచ్చిన డీల్స్-ఆల్డర్ చర్యలో నాలుగు కార్బన్ల ముక్కా రెండు కార్బన్ల ముక్కా కలిసి ఆరు కార్బన్ల రింగు అవుతాయి. ఒక్క పరమాణువు కూడా బయటికి పోదు. 1980లో రైడౌట్, బ్రెస్లో అనే ఇద్దరు దీన్ని మామూలు నీళ్ళలో చేసి చూశారు. నూనెలాంటి ద్రవంలో జరిగే వేగం కంటే ఏడొందల రెట్లకు పైగా ఎక్కువ వేగంతో జరిగింది. అప్పటిదాకా ఆర్గానిక్ కెమిస్టులు నీళ్ళంటే పాత్రలు కడగడానికే అనుకునేవాళ్ళట. (ఇది సాల్వెంట్ మాట. నేను గ్యారంటీ ఇవ్వను.)

ఇక్కడ మన ఊరి కథ చెప్పాలి. నా ఆఫీసు నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేముందు రోజూ ఆ గోడ పక్కనుంచే వెళ్తాను. గోడ అవతల కెమిస్ట్రీ విభాగంలో ప్రొఫెసర్ డి. బసవయ్య గారు దశాబ్దాల పాటు ఒక్క చర్యని పట్టుకుని కూర్చున్నారు. దాని పేరు బేలిస్-హిల్‌మన్ చర్య. 1972లో ఒక జర్మన్ పేటెంటుగా బయటికొచ్చి చాలాకాలం ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. 1980ల్లో దాని మీదికి మళ్ళీ చూపు మళ్ళించిన వాళ్ళలో ఆయన బృందం ముఖ్యమైంది. 1996లో ఒకటి, 2003లో ఒకటి, 2010లో ఒకటి, ఆయన బృందం రాసిన పెద్ద సమీక్షా వ్యాసాలు ప్రపంచమంతా చదివే జర్నళ్ళలో వచ్చాయి. ఈ చర్య గురించి ఎక్కడ ఎవరు రాసినా హైదరాబాద్ పేరు రాకుండా ఉండటం కష్టం.

ఏముంది అందులో? బాదం వాసన వచ్చే బెంజాల్డిహైడ్, బరువు 106. మిథైల్ అక్రిలేట్, బరువు 86. వాటికి డాబ్‌కో అనే ఉత్ప్రేరకం కాస్త కలిపి వదిలేయాలి. రెండూ కలిసి 192 బరువున్న అణువు అవుతుంది. 106కి 86 కలిపితే 192. తరుగు సున్నా. ఉత్ప్రేరకం పని చేసి పక్కకి తప్పుకుంటుంది.

చిక్కొక్కటే. నిదానం. గది వేడిమి దగ్గర రోజులు పడుతుంది, ఒక్కోసారి వారం. ఆవకాయ కలిపి మూడో రోజు మూత తీసినట్టు కెమిస్టు కూడా ఎదురుచూడాలి. ఫ్యాక్టరీ మేనేజర్‌కి ఇది చెబితే మొహం ఎలా పెడతాడో సాల్వెంట్ నటించి చూపించాడు. ఒక రియాక్టర్‌ని వారం రోజులు కదలకుండా ఉంచడమంటే ఒక ఫ్లాట్‌ని అద్దెకివ్వకుండా తాళం వేసి ఉంచడమే. వేగం పెంచడానికి ఎన్నో రకాల ఉత్ప్రేరకాలు, ఒత్తిళ్ళు, మైక్రోవేవ్‌లు ప్రయత్నించారు. ఆ కథే పెద్దది.

ఇలా వచ్చిన అణువులతో బసవయ్య గారి బృందం రకరకాల రింగులు కట్టింది. 2002లో వాళ్ళు రాసిన ఒక పేపర్లో, ఇదే చర్యతో తయారు చేసిన అణువులని ఇనుప పొడితో, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంతో కలిపి ఒకే పాత్రలో క్వినోలిన్ రింగులు చేశారు. క్వినోలిన్ అంటే కొత్తేమీ కాదు. మలేరియా క్వినైన్‌లో ఉన్నది అదే. 2020లో దేశదేశాలు మనల్ని అడిగిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌లో ఉన్నదీ అదే.

నేను ఉత్సాహంగా "ఇంకేం, సున్నా తరుగుతో క్వినోలిన్!" అన్నాను. సాల్వెంట్ తల అడ్డంగా ఊపాడు. "ఇనుప పొడి ఏమైంది మరి?" మొదటి అడుగులో తరుగు సున్నానే. రెండో అడుగులో ఇనుము తుప్పు బురదలా మిగులుతుంది. ల్యాబ్‌లో చెంచాడు. అదే టన్నుల్లో చేస్తే లారీలు. విషం కాదు గానీ, వడకట్టాలి, ఆరబెట్టాలి, ఎక్కడో పెట్టాలి. ఒక్క అడుగు పచ్చగా ఉంటే దారి మొత్తం పచ్చగా ఉన్నట్టు కాదు. అందుకే దారి మొత్తానికి లెక్క కావాలి. ఆ పని మనిషి కంటే సాఫ్ట్‌వేర్ బాగా చేస్తుంది. ఎవరో ఒకరు దానికి ఆ లెక్క నేర్పితే.

మిగిలింది ఎక్కడికి పోతుంది అని వాడడిగినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదని చెప్పలేదు కదూ. నాకు ఆ జవాబు చిన్నప్పుడే తెలుసు.

మా అమ్మమ్మది పటాన్‌చెరు దాటాక నక్కవాగు పక్క ఊరు. వేసవి సెలవులకి పోయేవాణ్ణి. వాగు ఇంటికి దగ్గరే గానీ మమ్మల్ని అటు పోనిచ్చేది కాదు. "వాగుల చెయ్యి పెట్టకు బిడ్డా, దద్దుర్లొస్తయ్" అనేది. బర్రెల్ని కూడా అటు తోలేవాళ్ళు కాదు. తాగే నీళ్ళు ట్యాంకర్లో వచ్చేవి. ఆ నీళ్ళ రంగు ఒక్కో రోజు ఒక్కోలా ఉండేది. పిల్లలం మేం రంగు మీద పందేలు కాసేవాళ్ళం. అది మంజీరలో కలుస్తుందని బళ్ళో చదువుకున్నాం.

అప్పుడు తెలియదు గానీ, ఆ వాగు ప్రపంచంలో చాలామంది శాస్త్రవేత్తలకి తెలిసిన వాగు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. రోజుకి 45 కిలోలు పోతోందని లెక్క తేలింది. అప్పట్లో తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడేంత. శుద్ధి చేసిన తర్వాత కూడా!

గమనించండి, అది ఉప ఉత్పత్తి కాదు. మందే. ఉంగరమే కాలవలో పోయింది. పూర్వం కంసాలి వీధుల్లో కాలవ మట్టి ఊడ్చుకెళ్ళి, కడిగి బంగారం ఏరుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇక్కడ ఏరుకున్నది బ్యాక్టీరియా. రోజూ యాంటీబయోటిక్‌లో ఈదితే దానికి లొంగని బ్యాక్టీరియానే బతికి బట్టకడుతుంది. తర్వాత ఆ ప్లాంటు నీళ్ళని పైపులైన్లో అంబర్‌పేట వైపు పంపే ఏర్పాటు చేశారు. అక్కణ్ణుంచి మూసీ. అడ్రస్ మారింది.

కంపెనీలన్నీ దుర్మార్గం అని రాయడం నా ఉద్దేశం కాదు. ఈ ఊరికి సాఫ్ట్‌వేర్ కంటే ముందు అన్నం పెట్టింది మందులే. బాలానగర్‌లో ఐడీపీఎల్, తార్నాకలో ఇప్పుడు ఐఐసీటీ అంటున్న ల్యాబ్, ఐడీపీఎల్‌లో పనిచేసి 1984లో సొంత కంపెనీ పెట్టిన డాక్టర్ అంజిరెడ్డి, ఇవన్నీ సైబర్ టవర్స్ లేవకముందు సంగతులు. మన దగ్గర తయారైన చౌక మందుల మీద ప్రపంచంలో చాలామంది బతుకుతున్నారు. మా అమ్మమ్మ కూడా షుగరు మాత్ర వేసుకుంటుంది. మాత్ర మానెయ్యమని ఆవిడకి ఎవరూ చెప్పలేరు. దారి మార్చొచ్చేమో.

దారి మారిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పే కేసు ఒకటుంది. మందు పేరు సిల్డెనాఫిల్. బ్రాండ్ పేరు చెబితే నవ్వుతారు. వయాగ్రా. దాని మధ్యలో ఒకదానికొకటి అతుక్కున్న రెండు రింగులుంటాయి. ఫైజర్ ల్యాబ్‌లో మొదట చేసిన దారిలో రింగులు ముందు కట్టి, చివర్లో క్లోరోసల్ఫోనిక్ ఆమ్లంతో ఒక మొరటు పని చేసేవాళ్ళు. దాని తర్వాత కడుగుళ్ళు, శుద్ధి, బోలెడు చెత్త. ఫ్యాక్టరీ దారి వేసేటప్పుడు వరస తిప్పారు. మొరటు పని ముందుకి, చిన్న అణువు మీదే. రింగు మూయడం ఆఖరికి, అది శుభ్రంగా జరిగే అడుగు కాబట్టి. సాల్వెంట్లు తగ్గించారు, వాడినవి తిరిగి పట్టుకున్నారు. ఈ-ఫ్యాక్టర్ 6 దగ్గరికి వచ్చింది. 25 నుంచి 100 అని చెప్పుకున్న పరిశ్రమలో ఆరు. 2003లో బ్రిటన్‌లో గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా ఇచ్చారు. అదే అణువు, అవే రింగులు. అడుగుల వరస మారింది.

నా పాత స్కోరుకి ఈ రెండు దారులూ పెద్ద తేడా లేకుండా కనిపించేవి. అడుగుల సంఖ్య లెక్కపెట్టేవాడికి వరస ఏం తెలుస్తుంది?

సరే, ఆదివారం కూర్చున్నాను. ఆటమ్ ఎకానమీ కలపడం తేలిక, అణువుల బరువులు మా దగ్గర ఉన్నవే. అసలు బరువు సాల్వెంట్‌ది. మందుల తయారీలో వాడే మొత్తం సరుకు బరువులో నీళ్ళు తీసేసి చూసినా సగానికి పైగా సాల్వెంట్లే. ఆటమ్ ఎకానమీకి అవి కనిపించవు. ఉంగరం బంగారం తూచి, కొలిమి బొగ్గుని మర్చిపోయినట్టు. 2008లో ఫైజర్ వాళ్ళే సాల్వెంట్లకి ట్రాఫిక్ సిగ్నల్ లాంటి పట్టిక ప్రచురించారు. నీళ్ళు, ఇథనాల్, ఇథైల్ ఎసిటేట్ పచ్చ. డైక్లోరోమీథేన్, డీఎంఎఫ్, క్లోరోఫాం ఎరుపు. ఆ పట్టికని కోడ్‌లో పెట్టాను. (మావాడి చొక్కా వాసన ఇథైల్ ఎసిటేట్‌ది. పచ్చ జాబితా. వాడు గర్వంగా కాలర్ ఎగరేశాడు.)

టెస్టుకి ఒక క్వినోలిన్ అణువు ఇచ్చి రన్ చేశాను. నిన్నటిదాకా మొదటి స్థానంలో ఉన్న దారి నాలుగుకి పడిపోయింది. సంతోషం వేసింది, ఆ తర్వాత అనుమానం వచ్చింది. మొదటి పది దారులూ తెరిచి చూశాను. ఏడింట్లో డైక్లోరోమీథేనో డీఎంఎఫో ఉంది. మోడల్ అంతగా వాటినే ఎందుకు చెబుతోంది?

జవాబు మా ట్రైనింగ్ డేటాలో ఉంది. ఇలాంటి మోడళ్ళు చాలావరకు అమెరికా పేటెంట్లలో రాసిన చర్యల నుంచి నేర్చుకుంటాయి. అందరూ వాడే ఆ డేటాసెట్ 1976 నుంచి 2016 దాకా ఉన్న పేటెంట్ల నుంచి తీసింది. ఆ నలభై ఏళ్ళూ కెమిస్టులు చేతికి అందిన సాల్వెంట్ పోశారు. ఎందుకు పోయకూడదు, అప్పట్లో ఎవరూ అడగలేదు. మోడల్ వాళ్ళ తెలివితోపాటు అలవాట్లూ నేర్చుకుంది. పైగా పేటెంట్లో ఏం పోశారో రాస్తారు, ఎంత కాలవలోకి పోయిందో రాయరు. ఆ కాలమ్ డేటాలోనే లేదు. ఖాళీగా కూడా లేదు. అసలు కాలమే లేదు.

సోమవారం పుల్ రిక్వెస్ట్ పెట్టాను. మా లీడ్ మంచివాడు, చదివాడు. రెండు కామెంట్లు రాశాడు. మొదటిది: "డిఫాల్ట్ ఆన్ ఎందుకు? క్లయింట్ అడగలేదు కదా. టాగుల్ పెట్టి ఆఫ్‌లో ఉంచుదాం." న్యాయమైన మాటే. కానీ మీ ఫోన్లో సెట్టింగ్స్ లోపల ఉన్న టాగుల్స్ ఎన్ని మార్చారు మీరు? నేను సున్నా.

రెండోది ఇంకా ఇబ్బంది పెట్టింది: "ఈ వెయిట్లు ఎక్కడివి?" ఎరుపు సాల్వెంట్‌కి ఎంత కోత వేయాలి? ఒక అడుగు ఎక్కువైనా పచ్చ సాల్వెంట్ నయమా? వారం పట్టే సున్నా తరుగు చర్య మంచిదా, గంటలో అయిపోయి బురద మిగిల్చేది మంచిదా? వారం రోజులు రియాక్టర్ కలుపుతూ ఉంటే కరెంటు కాలదా? నేను ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని నాకు తోచిన అంకెలు వేశాను. అవే అంకెలు ఎక్కడో ఒక కెమిస్టు స్క్రీన్ మీద మొదటి దారిని నిర్ణయిస్తాయి. అది ఏదో ఒక వాగు పక్క ప్లాంటుకి వెళ్తుంది. ఆ మాట అనుకుంటే కీబోర్డు మీద చెయ్యి ఆడలేదు.

సాల్వెంట్‌ని అడిగితే వాడు తన అనుభవం చెప్పాడు. ఒక రింగు మూసే అడుగులో డీఎంఎఫ్ బదులు ఇథనాల్ పోసి చూశాడట. దిగుబడి కొంచెం తగ్గింది. కానీ సరుకు పాత్రలోనే స్ఫటికాలుగా కిందికి దిగింది. కడగడం తప్పింది, దాంతో మొత్తం మీద వాడిన ద్రవం తగ్గింది. "దిగుబడి తగ్గింది అని మొదట మీటింగులో తిట్టారు," అన్నాడు. ఇలాంటి సంగతి ఏ పేటెంట్లోనూ ఉండదు. వాళ్ళ నోటుబుక్కుల్లో ఉంటుంది.

గురువారం క్లయింట్ కాల్ ఉంది. టాగుల్ ఆన్‌లో పెట్టాలా ఆఫ్‌లో పెట్టాలా అని వాళ్ళనే అడుగుదామని లీడ్ అన్నాడు. నేను పాత ర్యాంకింగూ కొత్త ర్యాంకింగూ పక్కపక్కన పెట్టి ఒక స్లైడ్ చేశాను. పైన హెడ్డింగ్ 'వేస్టేజ్' అని పెట్టి ఉంచా.

ఈలోపు మీకో విన్నపం. ఈ కాలమ్ చదివే వాళ్ళలో జీడిమెట్లలో, బొల్లారంలో, పాశమైలారంలో, విశాఖ పరవాడలో ల్యాబ్ కోటు వేసుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. పోయినసారి కోడింగ్ ఇంటర్వ్యూల మీద రాస్తే "మాకూ ఓ కాలమ్ రాయండి బ్రో, మేం కూడా హైదరాబాదే" అని మీరే మెసేజ్ పెట్టారు. బ్యాచ్ షీట్లు వద్దు, కంపెనీ రహస్యాలు వద్దు, అణువు పేరు కూడా వద్దు. ఏ సాల్వెంట్ తీసేసి ఏది పోశారు, అప్పుడు దిగుబడి ఏమైంది, డ్రమ్ములు ఎన్ని తగ్గాయి, అంతే రాయండి. గురువారం లోపు అయితే ఇంకా మంచిది.